ఫోనెత్తిన మనిషి

మబ్రూకా వదిన లేచి ముందుకు జరిగిన చోట, తడి ఇసుకలో అరచెయ్యంత మేర నెత్తురు కనిపించింది దలెందాకి.

చేతిలో కొడవలి ఆగిపోయింది. గుల్లలేరే చోట నెత్తురు కొత్తేం కాదు. చిప్ప అంచు గీసుకుంటుంది, కొడవలి జారుతుంది, అరికాల్లో ఏదో దిగుతుంది. కానీ వేలు తెగితే నెత్తురు చుక్కలు చుక్కలుగా పడుతుంది. ఇది వదిన గొంతుక్కూర్చున్న చోట, రెండు మడమల గుర్తుల మధ్య ముద్దగా పడి ఉంది. దలెందా చూస్తుండగానే వదిన వెనక్కొచ్చి, బూటుకాలితో దాని మీదికి ఇసుక తోసేసింది.

"ఏమిటి వదినా అది?"

"ఏది?"

"ఇప్పుడు నువ్వు కప్పింది."

"వేలు తెగిందిలే."

"ఏ వేలు?"

వదిన రెండు చేతులూ బురదలో ముంచి మళ్ళీ పనిలో పడింది. ఇసుక మీద పక్కపక్కనే రెండు చిన్న చిల్లులు కనబడితే అడుగున గుల్ల ఉన్నట్టు. వదిన కళ్ళు వాటిని పది అడుగుల దూరం నుంచే పట్టేస్తాయి. రాస్ లమ్లా ఊళ్ళో ఆమెంత జోరుగా బుట్ట నింపే మనిషి లేదు. ఈవేళ బుట్ట సగం దగ్గరే ఉంది.

వదినకి యాభై ఒకటి. ముట్టు ఆగి మూడేళ్ళయింది. ఆ సంగతి దలెందాకే కాదు, ఊరందరికీ తెలుసు. ముట్టయిన ఆడది రంజాన్‌లో ఆ నాలుగు రోజులూ ఉపవాసం విడవాలి, తర్వాత తీర్చుకోవాలి. మబ్రూకా మూడేళ్ళుగా ముప్ఫై ఉపవాసాలూ వరసగా ఉంటోంది. ఆడవాళ్ళు ఒకరి సంగతి ఒకరు తెలుసుకునేది అలాగే.

పక్కనే ముసలి హద్దా నడుం నిలబెట్టి చూసింది. ఆవిడ కళ్ళకి మసక వచ్చిందంటారు గానీ, చూడకూడనివి మాత్రం బాగానే కనిపిస్తాయి.

"ఏమే మబ్రూకా, మళ్ళీ పడుచుదానివయ్యావా? మొగుడేమో పడవలో పడుకుంటున్నాడు, నీకెందుకే ఇప్పుడీ సంబరం!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

"మా పెద్దమ్మకీ ఇంతే. అరవయ్యో ఏట మళ్ళీ మొదలైంది. వయసు తిరిగొచ్చిందని వీధంతా ఖర్జూరాలు పంచింది."

"ఆ తర్వాత?" అంది దలెందా.

"తర్వాతేముంది, ఏడాది తిరక్కుండా పోయింది," అని హద్దా మళ్ళీ నవ్వబోయింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

పోటు మళ్ళీ తిరిగే వేళకి అందరూ ఒడ్డుకొచ్చారు. గుల్లలు కొనే ఖమీస్ తన బండిని చెరువులా నిలిచిన ఉప్పునీళ్ళ పక్కన ఆపి, హారన్ కొడుతున్నాడు. ఎప్పటిలాగే మబ్రూకా అందరికన్నా చివర ఎక్కి, బండి తోక దగ్గర రేకు పట్టుకుని కూర్చుంది. రెండేళ్ళ నుంచి ఆమె చోటు అదే. పొగరని అనుకునేది దలెందా. మాతో రాసుకుని కూర్చోడానికి నామోషీ అని, ఒకసారి పైకే అనేసింది కూడా.

ఈవేళ వెళ్ళి పక్కనే కూర్చుంది.

"ఇక్కడెందుకే, గాలి కొడుతుంది. లోపలికి పో."

"కొట్టనీ."

బండి కదిలినంతసేపూ గాలి విసురుగా కొట్టింది. రోడ్డుకి అడ్డంగా మేకలమంద వచ్చి ఖమీస్ బ్రేకు వేసేసరికి గాలి ఆగింది. అప్పుడొచ్చింది వాసన. బురద వాసన కాదు, గుల్లల వాసన కాదు. నారింజపూల అత్తరు ఒంపుకున్న బట్టల అడుగు నుంచి, మాంసం మురిగినట్టు. దలెందా మొహం తిప్పుకోలేదు. వదినే తిప్పుకుంది. మేకలు దాటేవరకూ రోడ్డువైపు చూస్తూ కూర్చుంది.

ఇన్నాళ్ళూ గాలి కోసం కూర్చుంది ఈ మనిషి.

ఆ మధ్యాహ్నం దలెందా ఇంటికి పోకుండా తిన్నగా అన్న ఇంటికే వెళ్ళింది. అన్న మొంజీ లేడు, సముద్రం మీదున్నాడు. మబ్రూకా గడప మీద కూర్చుని బూట్లు విప్పడానికి అవస్థపడుతోంది. కుడికాలి బూటు రావడం లేదు. దలెందా మోకాళ్ళ మీద కూర్చుని మడమ పట్టుకుని లాగింది. మేజోడు తీసేసరికి పిక్క మీద దాని అంచు లోతుగా దిగి ఉంది. ఎడంకాలికి ఒకటిన్నర రెట్లుంది ఆ కాలు.

"ఎన్నాళ్ళయింది?"

"చన్నీళ్ళలో నిలబడే కాళ్ళు వాయవేమిటే."

"ఒక్క కాలే నిలబడిందా నీళ్ళలో?"

మబ్రూకా వెనక్కి లాక్కోబోయింది. దలెందా కాలు వదల్లేదు. కాసేపటికి వదిన నోటి నుంచి ఒక్కొక్కటే రాలింది. నడుంనొప్పి ఎప్పటి నుంచో ఉంది, నడుంనొప్పి లేని గుల్లల మనిషెవరు? తెల్లబట్ట నీళ్ళలా మొదలై వాసన తిరిగింది, రోజంతా బురదలో కూర్చుంటే తిరగదా? నెత్తురు చుక్కలుగా వచ్చేది, ఈ శీతాకాలం నుంచే ఇలా ముద్దలుగా. అన్నిటికీ సముద్రమే జవాబు చెప్పింది. ఆ తర్వాత ఇంకో ప్రశ్న అడిగినవాళ్ళు లేరు.

"మొట్టమొదట ఎప్పుడు చూశావు?"

మబ్రూకా తలగుడ్డ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆడపడుచుతో చెప్పే మాట కాదది.

"మీ అన్న దగ్గరికొచ్చినప్పుడు. రెండేళ్ళు దాటింది. మొదటిసారి దుప్పటి చూసి ఆయనే హడలిపోయాడు పాపం. మళ్ళీ రెండుసార్లు అలాగే అయింది. అప్పటి నుంచి పడవలో పడుకుంటున్నాడు. నన్ను నొప్పించడం ఇష్టంలేక."

దలెందా చేతుల్లో ఆ కాలు బరువెక్కినట్టనిపించింది. పోయిన బక్రీదుకి పదిమందిలో తనన్న మాట గుర్తొచ్చింది: 'మా అన్నని పడవ పాలు చేసిన మహాతల్లివి నువ్వు.' అప్పుడు వదిన నవ్వి, పళ్ళెంలో ఇంకో ముక్క వేసింది.

"రేపు నర్సు దగ్గరికి పోదాం," అంది.

"రేపు పెద్దపాటు. నీళ్ళు బాగా వెనక్కి పోతాయి. గుల్లలు బాగా పడతాయే."

"పడనీ."

ఆరోగ్య కేంద్రం రెండు గదుల ఇల్లు. నర్సు రఫీకా పొట్టిగా, చురుగ్గా ఉంటుంది. తెర వెనక మబ్రూకాని పడుకోబెట్టి చూడటానికి మూడు నిమిషాలు పట్టింది. మాటల చప్పుడు వినిపిస్తూనే ఉంది. "ఊపిరి వదలండమ్మా, బిగబట్టకండి." ఆ తర్వాత చేతి తొడుగులు బుట్టలో పడిన చప్పుడైంది. నర్సు బయటికొచ్చి కొళాయి దగ్గర చేతులు కడుక్కుంది. ఒకసారి కడిగి, సబ్బు మళ్ళీ తీసుకుని ఇంకోసారి కడిగింది.

"గర్భసంచి ముఖద్వారం దగ్గర పుండుంది. పెద్దది. ముట్టుకుంటే నెత్తురు. స్ఫాక్స్ పెద్దాసుపత్రికి రాస్తాను. ఈ వారమే వెళ్ళాలి. వచ్చే వారం అనొద్దు."

ఉత్తరం రాయడానికి పాత రిజిస్టరు తీసింది. వేలు వరసల మీదుగా జారుతూ ఒకచోట నిలిచిపోయింది.

"మబ్రూకా బెన్ జిలానీ... మీకు అప్పుడు స్ఫాక్స్‌లో వైద్యం అయిందిగా?"

మబ్రూకా బట్టలు సవరించుకుంటూ తెర పక్కకి నెట్టింది. "నాకా? నా పెళ్ళిబట్టలు కొన్న తర్వాత స్ఫాక్స్ మొహమే చూడలేదమ్మా."

"రెండేళ్ళ కింద పరీక్షల బండి వచ్చిన రోజు మీరొచ్చారు."

"వచ్చాను. బిస్కెట్లు కూడా ఇచ్చారు. ఏమీ లేదన్నారు."

"ఎవరన్నారు?"

"ఎవరూ ఏం చెప్పలేదు. చెప్పలేదంటే ఏమీ లేనట్టేగా?"

నర్సు రిజిస్టరు మూయబోయి ఆగింది. దాన్ని దలెందా వైపు తిప్పింది. వదిన పేరు ఎదురుగా ఎర్రసిరాతో గీత. కింద నెల తేడాలో మూడు తేదీలు. మూడోదాని పక్కన: 'స్ఫాక్స్‌లో వైద్యం చేయించినట్టు ఫోన్‌లో చెప్పారు.'

"నేనే చేశాను ఫోన్," అంది రఫీకా. "తేడా ఉంది, వెంటనే రావాలని మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ ఒకటే మగగొంతు. మూడోసారి వైద్యం అయిపోయిందన్నాడు. నమ్మాను. మీ ఊరు ఇక్కడికి మూడు కిలోమీటర్లు. నేనొచ్చి చూసి ఉండాల్సింది."

"ఏ నంబరుకి?"

"ఆ కాగితాలు బండితో పాటే వెళ్ళిపోయాయి. ఆమెకి సొంత ఫోను లేదని మాత్రం గుర్తుంది."

దలెందాకి ఒక్క పేరే తట్టింది. ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళకి ఫోన్లు లేని రోజుల్లో ప్రతి ఫారం మీదా ఖమీస్ నంబరే ఇచ్చేవాళ్ళు. మంచాన పడితే మరి గుల్లలెవరు ఏరుతారు వాడికి?

"ఇదెలా వస్తుంది నర్సమ్మా?" అని అడిగింది వెళ్ళబోతూ.

"ఒక క్రిమి. మగాళ్ళ నుంచి ఆడాళ్ళకి, ఆడాళ్ళ నుంచి మగాళ్ళకి. చాలామందికి వచ్చి దానంతటదే పోతుంది. కొందరిలో పెళ్ళైన కొత్తలో చేరి ఇరవయ్యేళ్ళు నిద్రపోతుంది. ఎవరి నుంచి, ఎప్పుడు అన్నది ఏ డాక్టరూ చెప్పలేడు. అందులో తప్పు వెతక్కండి. చూసుకోవాల్సింది గుర్తుల్ని. ముట్టు ఆగాక నెత్తురు, కలిశాక నెత్తురు, వాసన. ఒక్కటి కనిపించినా రావాలి. మీరూ ఒకసారి రండి, మీ వయసుకి పరీక్ష చేయించుకోవాలి."

స్ఫాక్స్‌లో రెండు రోజులు పట్టింది. కాగితాల వరస, నెత్తురు పరీక్షల వరస, స్కానింగు వరస. రెండోరోజు సాయంత్రం ఒక కుర్ర డాక్టరమ్మ దలెందాని బల్ల దగ్గరికి పిలిచింది. మబ్రూకా లేచి వెనకాలే వచ్చింది.

"నా ఒంటి సంగతి. నేనూ వింటాను," అంది.

డాక్టరమ్మ కుర్చీ చూపించింది. "ముక్క పరీక్షకి పంపాం. కానీ మాకు తెలుస్తూనే ఉంది. కాన్సరు పక్కలకి పాకింది. ఒక కిడ్నీ దారినీ, కాలి రక్తనాళాలనీ నొక్కేస్తోంది, కాలు వాపు అందుకే. కోసి తీసే దశ దాటిపోయింది. కరెంటు పెడతాం, మందులెక్కిస్తాం. నెత్తురు ఆగుతుంది, నొప్పి తగ్గుతుంది."

"తగ్గుతుంది సరే. పోతుందా?" అంది మబ్రూకా.

డాక్టరమ్మ పెన్ను మూత పెట్టింది. "పోవచ్చని నేను మాటివ్వలేను పిన్నీ."

"రెండేళ్ళ కింద వచ్చి ఉంటే?" అంది దలెందా.

"అప్పుడెలా ఉందో నేను చూడలేదు."

"ఇలాంటివాళ్ళు తొందరగా వస్తే ఏం చేస్తారు మీరు?"

ఆ పిల్ల కిటికీవైపు చూసింది. "చిన్న ఆపరేషన్. వారంలో ఇంటికి పంపిస్తాం."

తిరుగు బస్సులో మబ్రూకా కిటికీ పక్కన కూర్చుంది. దారి పొడుగునా ఆలివ్ తోటలు వరసలు వరసలుగా వెనక్కి పోతున్నాయి. సంచిలోంచి రొట్టె తీసి, సగం తుంచి దలెందాకిచ్చింది.

"ఆ ఫోనెవరు ఎత్తారో నువ్వు తవ్వుతావని నాకు తెలుసు."

"తవ్వనా మరి?"

"తవ్వితే నాతో చెప్పకు. ఎవరైనా సరే. ఇక ఉన్నన్నాళ్ళు ఆ ఊళ్ళోనే తినాలి, ఆ మొహాలే చూడాలి. తెలిసిపోయాక ముద్ద దిగదు నాకు."

రొట్టె చేతిలో పట్టుకుని తినకుండా కూర్చుంది దలెందా.

"తినవే. నాకు కాన్సరైతే నీకు ఆకలెయ్యదా?" అని కసిరింది వదిన.

మర్నాడు పొద్దున ఒడ్డున గుల్లలు తూస్తున్న ఖమీస్ ముందు నిలబడింది దలెందా. గుల్లల బస్తా ఎత్తబోతుంటే దాని మీద కాలు పెట్టింది.

"కాలు తియ్యి తల్లీ, పొద్దున్నే బేరం."

"రెండేళ్ళ కింద మా వదిన గురించి నర్సు చేసిన ఫోను నువ్వెత్తావా?"

"నేనా?"

"వైద్యం అయిపోయిందని చెప్పావా, లేదా? మంచి పనిమనిషి పోతుందని!"

ఖమీస్ బస్తా వదిలి నడుం మీద చేతులేసుకున్నాడు. "భలే. లోకంలో ఏ పాపమైనా ఖమీస్ ఖాతానే! చేపలు పడకపోతే ఖమీస్, వాన రాకపోతే ఖమీస్. తూకంలో కాస్త అటూ ఇటూ చేస్తాను, ఒప్పుకుంటా. మనిషి ప్రాణంతో కాదు."

"నీ నంబరేగా ఇచ్చేవాళ్ళు అందరూ!"

"ఇచ్చేవాళ్ళు. మీ వదినా ఇవ్వబోయింది. నేనక్కడే ఉన్నా, ఆడవాళ్ళని నా బండిలో దించింది నేనేగా. మీ అన్న వచ్చాడు. 'నా పెళ్ళానికి పరాయివాడి నంబరేమిటి' అని నన్ను పక్కకి నెట్టి, తన నంబరు తనే చెప్పి రాయించాడు. నెట్టిన నెట్టుకి మోచెయ్యి కొట్టుకుపోయింది కూడా. పోయి అడుగు."

దలెందా బస్తా మీద నుంచి కాలు తీసింది. ఖమీస్ ఆమె మొహం చూసి గొంతు తగ్గించాడు.

"ఇంతకీ ఏమైంది మబ్రూకాకి?"

ఆమె అప్పటికే ఒడ్డు వెంట నడుస్తోంది.

తల్లి పోయినప్పుడు దలెందాకి ఏడేళ్ళు. జడ వేసింది మొంజీ అన్నే. వలలల్లిన వేళ్ళు కాబట్టి జడ బిగువుగా వచ్చేది, బడిలో పిల్లలు ఏడిపించేవాళ్ళు. ఆ వేళ్ళే ఇప్పుడు ఒడ్డున బోర్లించిన పడవ నీడలో ఆక్టోపస్‌ల కోసం నీళ్ళలో దింపే మట్టికుండల మెడలకి తాళ్ళు కడుతున్నాయి. ఆ జలచరం చీకటి చూసుకుని కుండలో దూరి కూర్చుంటుంది. పైకి లాగితే ఇక బయటపడలేదు.

"ఏం చెప్పారు స్ఫాక్స్‌లో?" అన్నాడు తలెత్తకుండానే.

"కాన్సరు. దాటిపోయిందన్నారు."

ముడి వేస్తున్న చెయ్యి ఆగలేదు. ఒక ముడి మీద ఇంకో ముడి, దాని మీద ఇంకొకటి వేశాడు. దలెందా ఎదురుగా ఇసుకలో కూర్చుని, కుండ లాక్కుంది. తాడు మాత్రం ఆయన చేతుల్లో మిగిలింది.

"ఆ ఫోను నువ్వెత్తావన్నా."

మొంజీ సముద్రం వైపు చూశాడు.

"వదినకి చెప్పను. వద్దంది. నాకు మాత్రం తెలియాలి. నిన్ను దేవుడిలా చూసి, ఆవిణ్ణి నానా మాటలూ అన్నదాన్ని నేను. ఎందుకు చేశావు?"

ఆయన తాడుకి ఇందాక వేసిన ముడులు ఒక్కొక్కటే విప్పసాగాడు.

"ఆ క్రిమి ఎవరి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరంది నర్సు. ఎవరినీ తప్పు పట్టొద్దంది."

అప్పుడు తిరిగాడు మొంజీ. "అలా అందా?" అన్నాడు. "ఎవరూ చెప్పలేరా?"

"ఏ డాక్టరూ చెప్పలేడంది."

ఆయన చేతిలో తాడుని చాలాసేపు వేలికి చుట్టుకుని, విప్పుకుని, మళ్ళీ చుట్టుకున్నాడు. తర్వాత చెప్పాడు.

"మొదటి ఫోన్లో ఆ నర్సు, ఇది మగాళ్ళ వల్ల కూడా వస్తుంది, మీరూ రండి, మాట్లాడాలి అంది. మిగతాది నేను వినలేదు. రొయ్యల సీజన్‌కి జర్జీస్ పోయేవాణ్ణిగా, మూడేళ్ళు. అక్కడ రేవు వెనక ఒక ఇంటికి వెళ్ళేవాణ్ణి. నా పాపమే దాని ఒంట్లో పూసిందనుకున్నాను. ఆసుపత్రికి పోతే పదిమంది ముందు నన్ను నిలబెట్టి అడుగుతారని, కాగితం మీద రాసి ఊరికి పంపిస్తారని అనుకున్నాను. నెత్తురు నేను చూశాను, దలెందా. అందరికన్నా ముందు చూసింది నేనే. దుప్పటి నేనే తీసుకెళ్ళి సముద్రంలో వదిలేశాను. ఈ వయసులో అందరికీ ఇంతేనట, హద్దాని అడిగాను అని దానికి చెప్పాను. హద్దాని నేనేం అడగలేదు. రెండో ఫోనుకి, తీసుకొస్తామన్నాను. నిజంగానే తీసుకుపోదామనుకున్నాను, అల్లా మీద ఒట్టు. వారం అయింది, నెల అయింది. మూడోసారి చేసినప్పుడు భోజనం దగ్గరున్నాను. స్ఫాక్స్‌లో చూపించామన్నాను. మరి ఎలా ఉందిప్పుడు ఆవిడకి అని అడిగింది నర్సు. తలెత్తి చూశాను. మబ్రూకా ఎదురుగా కూర్చుని నా పళ్ళెంలో చేపకి ముళ్ళు తీస్తోంది. ఎవరిది ఫోను అన్నట్టు కళ్ళెగరేసింది. దాని కళ్ళలోకి చూస్తూనే, 'బాగైపోయిందండీ' అన్నాను."